తథాస్తు దేవతలు ఉన్నా సరే, అడగాలి

మొన్న మా కాలేజీలో మధ్యాహ్నం క్లాసులు ఆపేసి లెక్చరర్లందరికీ శిక్షణ పెట్టారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 15 మార్గదర్శకాలు ఇచ్చింది కదా, ఏడాదికి కనీసం రెండుసార్లు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. అంటే మన ఇంటి ముందు జరిగినదానికి వచ్చిన తీర్పే.

వచ్చినాయన స్లైడ్ వేశాడు. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న పిల్లల్లో కనిపించే పన్నెండు లక్షణాలు. నిద్ర తగ్గడం, చిరాకు, తిండి మీద ధ్యాస లేకపోవడం, ఒంటరిగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం... ఆయన చదువుతుంటే వెనక బెంచీలోంచి మా లెక్కల సారు "ఇందులో తొమ్మిది నాకే ఉన్నాయండీ" అన్నారు. అందరం నవ్వాం.

కెమిస్ట్రీ మేడమ్ నవ్వలేదు. "సరే సార్, ఒక పిల్ల మీద అనుమానం వచ్చింది. పిలిచి కూర్చోబెట్టాను. మొదటి మాట ఏం మాట్లాడాలి?" అంది.

"పేరెంట్స్‌కి ఇన్ఫామ్ చెయ్యండి మేడమ్."

"అది తర్వాత సంగతి. ఎదురుగా కూర్చున్న పిల్లని ఏమని అడగాలి?"

ఆయన సీసా మూత తీసి నీళ్లు తాగాడు. ఈలోపు పక్క బల్ల నుంచి ఇంకో మేడమ్ అందుకుంది. "ఆ మాట మనం నోటితో ఎలా అడుగుతామమ్మా? లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుంది. పైన తథాస్తు దేవతలుంటారు." చాలా తలలు ఊగాయి. నాది ఊగలేదు. ఆ మాట నేనొకసారి అడిగి ఉన్నాను.

గేటు దగ్గర నిలబడ్డ పిల్ల

మా అక్క కూతుర్ని ఇక్కడ బుజ్జి అంటాను. రాస్తానంటే ఒప్పుకుంది, మార్కులు మాత్రం రాయొద్దంది. ఇది జరిగినప్పుడు తను ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ, విజయవాడ దగ్గర హాస్టల్లో ఉంది. ఆదివారం పేరెంట్స్ విజిట్. ఆ రోజుల్లో అటు వెళ్లినవాళ్లకు తెలుసు: గోడ పొడుగునా చాపలు, దుప్పట్లు, క్యారేజీలు, ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న పిల్లలు, పక్కన రికార్డు బుక్కులో బొమ్మలు వేసిపెడుతున్న అమ్మలు.

అంతకుముందు నెలంతా బుజ్జి ఫోన్లో ముక్తసరిగా మాట్లాడింది. ఆ ఆదివారం మాత్రం చాలా బాగుంది. చేపల పులుసు రెండోసారి వేయించుకుంది, తమ్ముడి జుట్టు లాగింది. అక్క నా వైపు వంగి "దార్లో పడిందే" అంది. క్యారేజీ సర్దుతుంటే బుజ్జి ఒక సంచి తెచ్చి ఇచ్చింది. అందులో తను ఎవర్నీ ముట్టుకోనివ్వని రంగు పెన్సిళ్ల పెట్టె, వెండి పట్టీలు. "ఇవి నాకెందుకమ్మా ఇక్కడ? పెన్సిళ్లు తమ్ముడికిచ్చెయ్" అంది. చదువు మీద పడిందని అక్క మురిసిపోయింది. నేనూ అలాగే అనుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా ఈ వయసు పిల్లలకే జువాలజీ చెబుతున్నదాన్ని, ఆ సంచి చేత్తో పట్టుకుని కూడా నాకేమీ తట్టలేదు. నెలలపాటు నలిగిపోయిన పిల్ల ఉన్నట్టుండి తేలికపడటం, ఇష్టమైనవి పంచిపెట్టడం... ఆ జాబితాలన్నిటిలోనూ ఉండేవే అవి. ఆ తేలికతనం ఒక్కోసారి మనసులో ఏదో తేల్చేసుకున్నందువల్ల వస్తుందట. తల్లికి అది సంతోషంలాగే కనిపిస్తుంది.

కనిపెట్టింది రూమ్మేటు. గేటు దగ్గర నన్ను ఆపి, చుట్టూ చూసి, "ఆంటీ, బుజ్జి రాత్రుళ్లు పడుకోవట్లేదు. నాకు భయంగా ఉంది. నేను చెప్పానని చెప్పకండి" అంది. పదహారేళ్ల పిల్ల. చేతిలో ఖాళీ బకెట్టుంది, అదే పనిమీద వచ్చినట్టు.

గంట అవుటింగు అడిగి బుజ్జిని రోడ్డవతల చెరకురసం బండి దగ్గరకు తీసుకెళ్లాను. తిప్పి తిప్పి అడుగుదామనుకున్నాను. చదువెలా ఉంది, అన్నం బాగుంటుందా, ఫ్రెండ్సెవరు. ఏది అడిగినా "ఆ, బానే" అంటోంది. చివరికి నోట్లోంచి వచ్చేసింది. "బుజ్జీ, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?"

గ్లాసులో నురగ అణిగిపోయేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, "రోజూ కాదులే పిన్నీ" అంది.

లేదు అంటుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఈ జవాబుకి మాత్రం నేను సిద్ధంగా లేను. అందుకే వెంటనే తప్పు మాట అన్నాను: "అమ్మానాన్న ఏమైపోతారో ఆలోచించావా?" తను గ్లాసు కింద పెట్టేసింది. ముఖం తలుపేసినట్టు మూసుకుపోయింది. తనకున్న బాధే వాళ్లిద్దరి గురించి. ఫీజు కోసం బావగారు పొలం బేరం పెట్టారు, పిల్ల పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి జారింది, తను లేకపోతే పొలమైనా మిగులుతుంది అన్నంతవరకూ లెక్క వేసుకుని ఉంది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి "తప్పుగా అన్నాను, నువ్వు చెప్పు, వింటాను" అన్నాను. చాలాసేపటికి చెప్పింది. ఎప్పటినుంచి, ఏ వేళలో ఎక్కువ, ఎలా అని ఏమైనా అనుకున్నావా, ఇవన్నీ అడిగాను. చివరిదానికి ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది విన్నాక ఆ రాత్రి తనని ఆ గదికి పంపకూడదని మాత్రం అర్థమైంది.

"అమ్మకి చెప్పొద్దు" అంది. చెప్పనని మాటివ్వలేదు. "చెప్పకుండా ఉండలేను బంగారం. ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పనుల్లో ఇదొకటి, అదీ తెలిసి చేసింది కాదు.

హాస్టల్ ఆఫీసులో "మంగళవారం గ్రాండ్ టెస్ట్ మేడమ్, ఇలా ప్రతివాళ్లూ తీసుకెళ్తే ఎలా?" అన్నారు. అవుట్‌పాస్‌లో కారణం అనే గడిలో 'జ్వరం' అని రాశాం. బస్సులో గన్నవరం దాటకముందే బుజ్జి నా భుజం మీద నిద్రపోయింది. ఎన్ని రాత్రుల నిద్రో.

రోజుకు ఇరవైసార్లు చస్తాం

మన భాషలో చావుకి కొరతేమీ లేదు. ఆకలితో చస్తాం, సిగ్గుతో చస్తాం, నవ్వలేక చస్తాం, చచ్చీచెడీ బస్సెక్కుతాం, చచ్చినా ఆ ఊరు వెళ్లం. పిల్లల్ని "చావగొడతా" అంటాం, చదవకపోతే "ఎందుకు పుట్టావురా" అంటాం. తథాస్తు దేవతలకు వీటన్నిటికీ వారాంతపు సెలవు కాబోలు. ఒక పిల్లని కూర్చోబెట్టి నెమ్మదిగా, ప్రేమగా అదే మాట అడగాల్సి వచ్చినప్పుడే వాళ్లు గుర్తొస్తారు.

దీనివల్ల ఇంకో చిక్కుంది. ఇన్ని ఉత్తుత్తి చావుల మధ్య అసలుది వినపడదు. క్లాసులో "ఈ ఆర్గానిక్ కెమిస్ట్రీతో చచ్చిపోతా" అన్న ప్రతివాడినీ పట్టుకుని ప్రశ్నించలేం. నేను గమనించినంతవరకు, నిజంగా ఆ ఆలోచనలో ఉన్న పిల్లలు ఆ మాట వాడరు. "నేనుంటే ఏంటి, లేకపోతే ఏంటి", "మీకు బరువైపోయాను", "ఇంకెన్నాళ్లులే", "వచ్చే ఏడాది సంగతి నన్నడగొద్దు", ఇలా మాట్లాడతారు. మగపిల్లల్లో ఇది చాలాసార్లు దిగులులా కనపడదు, పెడసరంగా కనపడుతుంది. గోడకి గుద్దుతాడు, బండి వేగంగా నడుపుతాడు, ఎదురు సమాధానం చెబుతాడు. మనం పొగరు అని రాసుకుంటాం.

లెక్కల సారు జోకులో నిజం ఉంది. ఆ జాబితా పెట్టి చూస్తే టీనేజీ పిల్లలు సగంమంది అందులో ఉంటారు. అందుకే నేను జాబితాతో కాదు, ఆ పిల్లతోనే ఆ పిల్లని పోల్చాలంటాను. ముందునుంచీ మౌనంగా ఉండేవాడు మౌనంగా ఉంటే అది వాడి తీరు. వాగుడుకాయ మూడు వారాలుగా నోరు తెరవకపోతే అది ఆరా తీయాల్సిన సంగతి. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించిన పిల్ల అయితే, తనని తాను గాయపరుచుకున్న గుర్తులుంటే, అప్పుడు ఆరా తీస్తూ కూర్చోకూడదు, ఆ రోజే కదలాలి.

అడిగితే ఆలోచన పుడుతుందా

ఈ భయం మనదొక్కటే కాదు. అమెరికాలోనూ ఉంది, కాబట్టే అక్కడ దాన్ని పరీక్షించి చూశారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మేడ్‌లిన్ గౌల్డ్, ఆమె సహచరులు న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, రెండో గుంపుని అడగలేదు. తర్వాత చూస్తే అడిగిన గుంపులో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే దిగులుతోనో, పాత ప్రయత్నంతోనో ఉన్న పిల్లల్లో అయితే అడిగించుకున్నవాళ్లకే కాస్త ఉపశమనంగా ఉన్నట్టు తేలింది. 2005లో అచ్చయిన అధ్యయనం ఇది.

అమెరికా పిల్లలు వేరు, మన పిల్లలు వేరు అనొచ్చు. నిజమే. అక్కడ కాగితం మీద ప్రశ్న, ఇక్కడ పిన్ని. ఎవరు అడుగుతున్నారు, ఏ గొంతుతో అడుగుతున్నారు అనేది తేడా తెస్తుంది. "ఏంటి, చచ్చిపోతావా ఏంటి?" అని వెటకారంగా అడగడం కూడా అడగడమే, దాన్ని నేను సమర్థించను. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అనే ప్రశ్నతో కూడా లాభం లేదు. లేవు అనే జవాబు అందులోనే పెట్టి ఇస్తున్నాం. పిల్లలకు తెలివుంది, మనకి ఏ జవాబు కావాలో అదే ఇస్తారు.

కౌన్సెలింగ్ ఇచ్చారు

మనం పాడుచేసుకున్న మాటల్లో కౌన్సెలింగ్ ఒకటి. "తాగి బండి నడిపినవాళ్లకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు" అని పేపర్లో చదువుతాం. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గిన పిల్లల్ని వరుసగా నిలబెట్టి తిట్టడాన్ని హాస్టళ్లలో కౌన్సెలింగ్ అంటారు. లేదంటే ఇంజనీరింగ్ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకునేది. ఇక పిల్లతో "కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు" అంటే ఏం వినపడుతుంది? శిక్ష వినపడుతుంది. వంద మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మార్కుల్ని బట్టి బ్యాచులు వీలైనంతవరకు విడదీయొద్దనీ చెప్పింది. నాకు తెలిసిన ఒక కాలేజీలో 'కౌన్సెలర్' అని బోర్డు తగిలించిన గదిలోనే అడ్మిషన్ల పీఆర్వో కూర్చుంటాడు. ర్యాంకుల సెక్షన్లకు పేర్లు మార్చారు, పిల్లల్ని మార్చలేదు.

అప్పుడు ఎదురు ప్రశ్న రానే వస్తుంది. ఇంత పెద్ద యంత్రం పిల్లల్ని నలిపేస్తుంటే, నువ్వు 'అడగండి, వినండి' అని నీతులు చెబుతావా? ఒప్పుకుంటాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చినప్పుడు, ఒక అమ్మాయికి తెలుగులో సున్నా చూపించి తర్వాత 99 అన్నారు. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు పోయారు. దానికి కారణం పిన్నులు అడగకపోవడం కాదు. వ్యవస్థ మారితే ప్రాణాలు నిలుస్తాయి. తప్పిన పరీక్ష కొద్ది వారాల్లోనే మళ్లీ రాసుకునే వీలుండటం కూడా అలాంటి మార్పే, ఏడాది పోయిందన్న మాట లేకుండా చేసింది. కానీ ఆ మార్పులు వచ్చేలోపు ఈ ఆదివారం గేటు దగ్గర ఒక పిల్ల ఉంటుంది.

ఫలితాల రోజున టీవీలో స్క్రోలింగ్ చూస్తే ఒళ్లు మండుతుంది. "మార్కులు తక్కువొచ్చాయని విద్యార్థిని..." అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏ ప్రాణమూ ఒక్క కారణంతో పోదు. అదే గదిలో మార్కులు తగ్గి కూర్చున్న ఇంకో పిల్ల ఆ స్క్రోలింగు చదువుతోంది, తన కష్టానికి అదొక జవాబులాగా.

ముందు తెలిసేది పిల్లలకే

ఆ రూమ్మేటు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. యూరప్‌లో పది దేశాల్లో, 168 స్కూళ్లలో, 11 వేలమందికి పైగా పిల్లలతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని స్కూళ్లలో టీచర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, కొన్నిట్లో నేరుగా పిల్లలకే మానసిక ఆరోగ్యం గురించి చర్చలు, నాటికలతో పాఠాలు పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యాయత్నాలు చెప్పుకోదగ్గట్టుగా తగ్గింది పిల్లలకు పాఠాలు పెట్టిన స్కూళ్లలో. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చినచోట అలాంటి తేడా కనపడలేదు. మా శిక్షణలో కూర్చుని నేను ఆలోచించింది ఇదే. ఈ స్లైడ్లు చూడాల్సినవాళ్లు పక్క బిల్డింగులో స్టడీ అవర్లో ఉన్నారు. "నీ ఫ్రెండు ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, పెద్దవాళ్లకి చెప్పు, అది చాడీ కాదు" అని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే బకెట్టు పట్టుకుని వచ్చింది.

అక్క, బావగారు, డాక్టరు

అక్కకి చెప్పినప్పుడు మొదట దిష్టి తీసింది. తర్వాత ఏడ్చింది. "నీకోసమే బతుకుతున్నాం కదే" అంది. ఆ మాటలో ప్రేమ ఎంతుందో బరువూ అంతే ఉంది. బావగారు "మేం ఏం తక్కువ చేశాం?" అని ఒకే మాట పట్టుకున్నారు. సైకియాట్రిస్టు అనగానే "పిచ్చి డాక్టరా? రేపు సంబంధాలొస్తాయా?" అన్నారు. దానితోపాటు పోలీసు కేసవుతుందేమో అన్న భయం. ఆలోచన ఉన్నందుకు ఎప్పుడూ కేసు లేదు. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఇది తెలియక ఆసుపత్రికి వెళ్లడానికి జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

అపాయింట్‌మెంటు గురువారానికి దొరికింది. మధ్యలో మూడు రోజులు. ఆ మూడు రోజులూ టెలీ మానస్ 14416కి నేనే రెండుసార్లు ఫోన్ చేశాను, ఏం చేయాలో తెలియక. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయాలని లేదు, పిన్నులూ చేయొచ్చు. ఒంటరిగా వదలొద్దన్నారు, మందులేవైనా సరే తాళం వేయమన్నారు. మాత్రల డబ్బా అక్క బీరువాలోకి, పొలం సామాను ఊళ్లో పెదనాన్నగారింటికి వెళ్లాయి. "చావాలనుకున్నవాళ్లు ఎలాగైనా చస్తారు, తాళాలెందుకు?" అని బావగారు అన్నారు. అది నిజం కాదు. శ్రీలంకలో 1990ల నుంచి అత్యంత ప్రమాదకరమైన పురుగుమందుల్ని వరుసగా నిషేధిస్తూ వచ్చాక, అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి పైగా పడిపోయింది. ఆ ఉద్ధృతి చాలామందిలో కొంతసేపే ఉంటుంది. ఆ సేపు దాటించడానికే తాళం. ఆ ఘడియ ముంచుకొచ్చిందనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం చూడకూడదు, 108 పిలిచి క్యాజువాలిటీకి వెళ్లిపోవాలి.

డాక్టరుగారు బావగారిని బయట కూర్చోమని బుజ్జితో నలభై నిమిషాలు మాట్లాడారు. మందులు, వారం వారం మాటలు. చదువు ఆ ఏడాది ఆగింది. ఒక నెల బాగుండేది, ఒక నెల ఉండేది కాదు. కథలా సర్దుకోలేదు. పొలం మాత్రం అమ్మలేదు.

ఇది రాస్తూ నేను ఎక్కువగా జంకింది ఒక్క విషయానికి. పిల్లని పోగొట్టుకున్న తల్లులు ఇది చదివితే? మా కాలేజీలోనే ఒకావిడ ఉంది, అటెండర్‌గా చేస్తుంది. కొడుకు పోయి ఆరేళ్లు. "నాకేం తెలీలేదు మేడమ్, ముందురోజు రాత్రి పప్పుచారు పోసుకుని తిన్నాడు" అని ఇప్పటికీ అంటుంది. తెలియదు. కొందరు పిల్లలు ఏ గుర్తూ ఇవ్వరు. అడిగితే లేదంటారు. నేను ఆ రోజు అడిగింది నా తెలివితో కాదు, ఒక పిల్ల గేటు దగ్గర ఆపినందువల్ల. అడగాలి అంటున్నానంటే, అడగనివాళ్లది నేరమని కాదు. ఆవిడ ముందు ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.

శిక్షణ అయిన మర్నాడు కెమిస్ట్రీ మేడమ్ నా దగ్గరికొచ్చింది. "నువ్వు అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పు" అంది. చెప్పాను. అనడానికి ప్రయత్నించింది, 'చచ్చి' దగ్గర ఆగిపోయింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేరని మళ్లీ అంది, ఈసారి నవ్వొచ్చింది ఇద్దరికీ. మూడోసారికి గొంతు వణకలేదు. అప్పటికి లెక్కల సారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఎంతసేపటినుంచో తెలియదు. ఏదో జోకు వేస్తారనుకున్నాం. కుర్చీ లాక్కుని కూర్చుని, "మావాడు ఇంటర్ ఫస్టియర్ మేడమ్. ఇంకోసారి అనండి" అన్నారు.